చిట్టా – ఆవర్జా

వ్రాత పుట్టిన నాటి నుండి మానవుడు దానిని రెండు విధాలుగా వాడుకొంటున్నాడు. ఇతరులకు చెప్పదలచినది చెప్పడం మొదటిది. తాను మరచిపోకుండా తనకు తానే చెప్పుకోవడం రెండవది. కావ్యాలు, శాసనాలు, ఉత్తరాలు మొదటి కోవకు చెందినవి. వాటికి చరిత్రలో తగిన చోటు దొరికింది. గోడమీద బొగ్గుతో గీసిన పాలలెక్క, దుకాణాదారుని లెక్కల పుస్తకం, పండుగ ముందు ఇల్లాలు వ్రాసుకొనే సరుకుల చీటి రెండవ కోవలోనివి. వీటిని పొగిడినవారు లేరు. అయినా సంసారాలు, వ్యాపారాలు నడిచింది ఎక్కువగా వీటి మీదనే.

ఈ రెండవ రకపు వ్రాతలో తెలుగు వర్తకులు ఒక చక్కని పద్ధతిని పాటించారు. వారి వద్ద ముఖ్యంగా రెండు పుస్తకాలుండేవి. ఒకటి చిట్టా, రెండవది ఆవర్జా. ఆనాడు జరిగిన ప్రతి లావాదేవీని జరిగిన వరుసలోనే చిట్టాలో వ్రాసేవారు. పెద్దది, చిన్నది అన్న భేదం లేదు. ఎవరి లెక్క ఎక్కడికి పోవాలన్న ఆలోచన కూడ అప్పుడు లేదు. దీపాలు పెట్టిన తరువాత అసలు పని మొదలయ్యేది. చిట్టాలోని ఒక్కొక్క పద్దును తీసి, ఎవరి పేరున ఉన్న పుటలో వారిది ఆవర్జాకు ఎక్కించేవారు. కామారెడ్డి బెల్లం వ్యాపారానికి పేరుపొందిన పట్టణం. అక్కడి అడ్తి దుకాణంలో ఒకనాటి ఉదయాన్ని ఊహిస్తే ఈ పద్ధతి విలువ బోధపడుతుంది. ఒక రైతు బెల్లం దించుతాడు. అంతలో మరొకరు పాత బాకీ తీర్చడానికి వస్తారు. హమాలీలకు కూలి ఇవ్వాలి. వేరొక రైతు కూతురి పెండ్లికని కొంత సొమ్ము ముందుగా అడుగుతాడు. ఇవన్నీ ఒక గంటలోనే జరుగుతాయి. చిట్టా లేకపోతే వీటిలో సగం జారిపోతాయి. ఆవర్జా లేకపోతే, ఆరు నెలల తరువాత ఆ రైతు వచ్చి “సేటు, నా లెక్కెంత?” అని అడిగినప్పుడు పుటలు తిరగేస్తూ కూర్చోవలసి వస్తుంది. మొదటి పుస్తకం మరుపు నుండి కాపాడుతుంది, రెండవది గందరగోళం నుండి కాపాడుతుంది.

నేటి కళాశాల విద్యార్థి చేతిలోని ఫోన్‌ను ఈ దృష్టితో పరిశీలిస్తే ఒక విచిత్రం కనబడుతుంది. అందులో చిట్టాలు అనేకం ఉన్నాయి, ఆవర్జా మాత్రం లేదు. అధ్యాపకుడు చెప్పిన తేదీ ఒక వాట్సాప్ సందేశంలో ఉంటుంది. నల్లబల్లమీది లెక్క ఫొటోగా ఉంటుంది. దరఖాస్తు సంఖ్య ఒక స్క్రీన్‌షాట్‌లోను, స్నేహితునికి ఇవ్వవలసిన డబ్బు నోట్స్ యాప్‌లోను, తండ్రి ఫోన్‌లో చెప్పిన మాట కేవలం జ్ఞాపకంలోను ఉంటాయి. వ్రాసుకోవడంలో లోపమేమీ లేదు. వ్రాసినదానిని దాని చోటికి చేర్చడమన్న రెండవ పని జరుగలేదు. వర్తకుని దీపాల వేళ ఫోన్‌కు లేదు.

దీనివల్ల కలిగే నష్టం చిన్నది కాదు. కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న నిజామాబాదు జిల్లా నుండి ఏర్పడింది. కామారెడ్డి, బాన్సువాడ, ఎల్లారెడ్డి దానిలోని రెవెన్యూ డివిజన్లు. రైలు మార్గం, 44వ నంబరు జాతీయ రహదారి ఉన్న కామారెడ్డికి ఎల్లారెడ్డి ప్రాంతపు గ్రామాల నుండి పిల్లలు చదువుకై వస్తారు. అటువంటి ఒక విద్యార్థి హాస్టల్‌లో ఉండి ఇంటర్మీడియట్ చదువుతున్నాడనుకొందాం. ఉపకారవేతనానికి, ఫీజు తిరిగి చెల్లింపుకు ఈ-పాస్ వెబ్‌సైటులో దరఖాస్తు చేసుకోవాలి. అందుకు ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, పదవ తరగతి మార్కుల మెమో కావాలి. ఆదాయ ధ్రువపత్రానికి కాలపరిమితి ఉంటుంది. అది సొంత మండలపు తహసీల్దారు కార్యాలయం నుండి రావాలి. ఒక్క కాగితం ఆలస్యమైతే గడువు దాటుతుంది. గడువు దాటితే ఆ సంవత్సరపు ఫీజు భారం కుటుంబం మీద పడుతుంది. ఆ విద్యార్థికి తెలివితేటలు తక్కువై ఇలా జరుగదు. “ఆదాయ సర్టిఫికెట్” అన్న రెండు మాటలు ఫోన్‌లో నాలుగు వందల సందేశాల కింద పడి ఉండడమే కారణం కావచ్చు.

చేయవలసిన పని మనస్సులో మిగిలిపోతే ఏమవుతుందన్న విషయాన్ని శాస్త్రజ్ఞులు పరిశోధించారు. బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బెర్లిన్‌లో చేసిన ప్రయోగాలను 1927లో ప్రకటించింది. ఆమె కొందరికి చిన్న చిన్న పనులు ఇచ్చి, వాటిలో కొన్నింటిని మధ్యలో ఆపివేయించింది. పూర్తి చేసిన పనులకంటె ఆగిపోయిన పనులే వారికి ఎక్కువగా గుర్తున్నాయని ఆమె గమనించింది. తరువాతి ప్రయోగాలలో ఈ ఫలితం అన్నిసార్లూ నిలువలేదు. ఇంతకంటె ఉపయోగకరమైన సంగతి 2011లో మసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు ప్రకటించిన పరిశోధనలో కనబడుతుంది. తీరని పని చదివే పుస్తకం మీది ధ్యాసను చెదరగొడుతుంది. అయితే ఆ పనిని ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేయాలో నిశ్చయించుకొన్నవారికి, పని ఇంకా పూర్తికాకపోయినా, ఆ చెదురుబాటు తగ్గింది. అంటే మనస్సు అడుగుతున్నది పని పూర్తిని కాదు, దానికొక ఏర్పాటును.

ఏర్పాటు వ్రాసే తీరులోనే మొదలవుతుంది. “ఆదాయ సర్టిఫికెట్” అన్నది ఒక వస్తువు పేరు. అందులో క్రియ లేదు. చదివినవానికి ఏం చేయాలో తోచదు. తోచక పక్కకు నెట్టివేస్తాడు. “శనివారం ఊరికి పోయినప్పుడు ఆధార్, రేషన్‌కార్డు జిరాక్సులతో మీ-సేవలో దరఖాస్తు ఇవ్వాలి” అన్నది పని. అమెరికా రచయిత డేవిడ్ అలెన్ 2001లో వెలువరించిన గ్రంథంలో దీనినే తరువాతి చర్య అన్నాడు. తెలుగు వాక్యానికి ఇక్కడ ఒక సహజమైన అనుకూలత ఉన్నది. మన భాషలో క్రియ సాధారణంగా చివర వస్తుంది. చివరి మాట వ్రాయనిదే వాక్యం ముగియదు. “ఇవ్వాలి”, “అడగాలి”, “తేవాలి” అని ముగించే అలవాటు ఉన్నవాడు పని పేరును వ్రాసి పనిని వదలివేయలేడు.

పనికి, కార్యక్రమానికి భేదం తెలియాలి. ఒక్కసారి కూర్చుంటే అయిపోయేది పని. అనేక పనులు కలిస్తేనే నెరవేరేది కార్యక్రమం. దీనినే నేడు ప్రాజెక్టు అంటున్నారు. ఉపకారవేతనం ప్రాజెక్టు, ధ్రువపత్రానికి దరఖాస్తు ఇవ్వడం అందులోని పని. ప్రవేశపరీక్షకు సిద్ధం కావడం ప్రాజెక్టు, త్రికోణమితిలో ఒక అభ్యాసం పూర్తి చేయడం పని. రెండింటినీ ఒకే జాబితాలో కలిపి వ్రాస్తే చిన్న పనులు రోజూ కొట్టివేయబడతాయి, పెద్దవి నెలల తరబడి అట్లాగే ఉంటాయి.

ఈ భేదాన్ని గ్రామంలోని భూమి లెక్కతో పోల్చవచ్చు. భూమి ప్రతిదానికీ ఒక సర్వే నంబరు ఉంటుంది. అన్నదమ్ములు పంచుకొన్నప్పుడు అది బై నంబర్లుగా చీలుతుంది. కొంత భూమి అమ్మితే మళ్ళీ చీలుతుంది. ఎన్నిసార్లు చీలినా మూలమైన నంబరు చెదరదు. ఏ నంబరులో ఎవరు సాగు చేస్తున్నారో, ఏ పంట ఉన్నదో పహాణీలో ఏటేటా వ్రాసేవారు. తెలంగాణలో భూవివాదం వచ్చినప్పుడు 1954–55 నాటి ఖాస్రా పహాణీని వెదికి తీయడం నేటికీ ఉన్నది. డెబ్బది ఏండ్ల కిందటి వివరం దొరుకుతున్నదంటే కారణం కాగితం గట్టితనం ఒక్కటే కాదు, ప్రతి వివరానికి ఒక నంబరు, ఒక చోటు ఉండడం కూడ. ఆశ్చర్యమేమంటే, జర్మనీలో నిక్లాస్ లూమన్ అనే సమాజశాస్త్ర ఆచార్యుడు తన ఆలోచనలను సరిగా ఇట్లాగే భద్రపరిచాడు. ఆయన ఒక్కొక్క భావాన్ని ఒక్కొక్క చీటిమీద వ్రాసి నంబరు వేసేవాడు. ఒక చీటి నుండి కొత్త ఆలోచన పుడితే దానికి బై నంబరు వంటిది ఇచ్చి వెనుకనే చేర్చేవాడు. 1998లో ఆయన మరణించేనాటికి ఆ పెట్టెలలో సుమారు 90,000 చీటీలున్నాయి. ఆయన గ్రంథాలకు అవే ముడిసరుకు. విద్యార్థికి అన్ని చీటీలు అక్కరలేదు. ఫోన్‌లోని నోట్స్ యాప్‌లో ఒక్కొక్క ప్రాజెక్టుకు ఒక్కొక్క పుట తెరచి, దానికి సంబంధించిన పనులన్నీ ఆ పేరు కిందనే వ్రాస్తే చాలు.

ఇక పనులను చోటును బట్టి విడదీయడం రెండు ఊర్ల మధ్య బ్రతికేవారికి ఎంతో మేలు చేస్తుంది. లింగంపేట మీదుగా కామారెడ్డి నుండి ఎల్లారెడ్డికి బస్సు ప్రయాణం సాయంత్రపు పూటను మింగివేస్తుంది. అందువల్ల విద్యార్థి వారానికో, పదిహేను రోజులకో ఒకసారి ఇంటికి పోతాడు. తహసీల్దారు కార్యాలయం, తల్లి పేరిట ఖాతా ఉన్న బ్యాంకు, చదివిన ఉన్నత పాఠశాల ఎల్లారెడ్డిలో ఉన్నాయి. కళాశాల కార్యాలయం, పుస్తకాల దుకాణం, కలెక్టరేటు కామారెడ్డిలో ఉన్నాయి. “ఎల్లారెడ్డిలో” అని ఒక జాబితా, “కామారెడ్డిలో” అని మరొకటి ఉంటే బస్సు ఎక్కకముందు ఒక్కటి చూసుకొంటే సరిపోతుంది. ఆ జాబితా లేని విద్యార్థి ఆదివారం సాయంత్రం తిరుగు బస్సులో కూర్చొన్న తరువాత తండ్రి ఫోన్ చేస్తాడు: “ఏం బిడ్డా, పాసుబుక్కు జిరాక్సు తీసి పెట్టుమంటివి, నువ్వే మర్షి పోతున్నవా?” ఆ ఒక్క జిరాక్సు కొరకు మరొక వారం ఆగాలి. పైగా ఆదివారం నాడు కార్యాలయాలు మూసి ఉంటాయన్న చిన్న విషయాన్ని కూడ జాబితాలోనే వ్రాసుకోవాలి. శుక్రవారం రాత్రికే బయలుదేరాలా, సెలవు పెట్టాలా అన్నది దానినిబట్టి తేలుతుంది. రెండవ శనివారమైతే ఆ ప్రయాణం వృథా.

పేర్ల విషయంలో కంప్యూటర్ మనిషికంటె మొండిది. ఎల్లారెడ్డి అనగానే ఆ ప్రాంతపువానికి తన పట్టణమే స్ఫురిస్తుంది. అదే జిల్లాలో సదాశివనగర్ మండలంలో అడ్లూర్ ఎల్లారెడ్డి అనే గ్రామమున్నది. పక్కనున్న రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఎల్లారెడ్డిపేట ఉన్నది. హైదరాబాదులో ఎల్లారెడ్డిగూడ ఉన్నది. ఫోన్‌లో “ఎల్లారెడ్డి” అని వెదికితే ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఇంతకుమించిన చిక్కు వర్ణక్రమంలో ఉన్నది. కొందరు “ఎల్లారెడ్డి” అని, కొందరు “యెల్లారెడ్డి” అని వ్రాస్తారు. చెవికి రెండూ ఒకటే. కంప్యూటర్‌కు మాత్రం ఎకారం వేరు, యకారం వేరు. అన్ని లిపుల అక్షరాలకు సంఖ్యలు కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో తెలుగు 1991 నాటి మొదటి రూపం నుండే ఉన్నది. ఆ ప్రమాణంలో ఈ రెంటి సంఖ్యలు వేరు కనుక ఒక రూపంలో వ్రాసినది మరొక రూపంతో వెదికితే దొరకకపోవచ్చు. ఇంగ్లీషు అక్షరాలతో వ్రాసేవారికి ఈ బాధ మరింత ఎక్కువ. ఒకే మాట ఒకే చేతిలో మూడు రకాలుగా వస్తుంది. పేరు ఏదైనా ఒక రూపాన్ని ఎంచుకొని అన్ని చోట్లా దానినే వాడాలి. తేదీ కూడ అంతే. “వచ్చే సోమవారం” అన్న మాట ఆ వారానికే అర్థమవుతుంది, నెల తరువాత చదివితే అది ఏ సోమవారమో చెప్పేవారుండరు.

ఫొటో తీసుకోవడాన్ని వ్రాసుకోవడంగా భావించడం నేటి విద్యార్థులలో బాగా వ్యాపించిన భ్రమ. లిండా హెంకెల్ అనే పరిశోధకురాలు వస్తుప్రదర్శనశాలలో చేసిన ప్రయోగాన్ని 2014లో ప్రకటించింది. వస్తువును చూసి ఊరుకొన్నవారికంటె, మొత్తం వస్తువును ఫొటో తీసినవారికి దాని వివరాలు తక్కువగా గుర్తున్నాయి. కెమెరాకు అప్పగించామన్న ధైర్యంతో మనస్సు తన పనిని మానుకొంటుంది. నల్లబల్ల ఫొటో తీయకూడదని దీని అర్థం కాదు. ఆ సాయంత్రమే దానిని చూసి నాలుగు వాక్యాలు సొంతంగా వ్రాసి తగిన శీర్షిక కింద చేర్చితే ఫొటో కూడ పనికివస్తుంది. చేర్చకపోతే అది పెండ్లి ఫొటోల మధ్య, పండుగ శుభాకాంక్షల మధ్య కలిసిపోతుంది.

ఏ యాప్ మంచిదన్న ప్రశ్నకు విద్యార్థులు అవసరానికి మించిన ప్రాధాన్యం ఇస్తారు. శీర్షికలకు రంగులు మార్చడంలో ఒక సాయంత్రం గడిపి, ఆ శీర్షికల కింద ఒక్క పని కూడ వ్రాయనివారు లేకపోలేదు. యాప్‌లు వస్తాయి, పోతాయి. గూగుల్ నోట్‌బుక్ 2006లో వచ్చి 2012లో మూతపడింది. పనుల జాబితాకు ఎంతో పేరు తెచ్చుకొన్న వండర్‌లిస్ట్ 2020 మే నెలలో ఆగిపోయింది. ఎవర్‌నోట్ తన ఉచిత ఖాతాలను 2023 డిసెంబరులో యాభై నోట్లకు పరిమితం చేసింది. కనుక అడగవలసిన ప్రశ్న వేరు. వ్రాసినదంతా ఒకనాడు బయటికి తీసుకొని వేరొకచోట చదువుకోగలమా? ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఖగోళ శాస్త్రవేత్త కార్స్టెన్ డొమినిక్ 2003లో తన సొంత పనుల కోసం ఆర్గ్-మోడ్ అనే ఏర్పాటును రూపొందించాడు. అందులో ఉండేది సాదా అక్షరాలే. శీర్షికకు ముందు ఒక నక్షత్రం గుర్తు, ఉపశీర్షికకు రెండు గుర్తులు, అంతే. ఏ కంప్యూటర్ అయినా దానిని తెరవగలదు. తెలుగువారికి ఇందులో ఒక చేదు అనుభవం కూడ ఉన్నది. యూనికోడ్ వాడుక వ్యాపించకముందు అచ్చు పనికి వాడిన తెలుగు ఫాంట్లకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క సొంత సంకేత పద్ధతి ఉండేది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆనాటి ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని రోమన్ అక్షరాలు, గుర్తులు కనబడతాయి.

ఒక్కచోటనే దాచుకొనడం కూడ ప్రమాదమే. 2025 ఆగస్టు 27, 28 తేదీలలో కామారెడ్డి జిల్లాలో అసాధారణమైన వర్షం కురిసింది. పట్టణంలోని కాలనీలలో ఇండ్లలోకి నీరు చేరింది. రైలు కట్ట కోతకు గురై రాకపోకలు నిలిచిపోయాయి. ఎల్లారెడ్డి ప్రాంతంలోని పోచారం జలాశయం పొంగి, దాదాపు నూరేండ్ల నాటి ఆ కట్ట నిలుస్తుందా అన్న ఆందోళన కలిగింది, కట్ట నిలిచింది. అటువంటి రాత్రి అల్మారాలోని మెమో తడుస్తుంది, ఫోన్ కూడ తడుస్తుంది. కాగితపు ప్రతి ఇంట్లో, దాని స్కాన్ ఫోన్‌లో, మరొక ప్రతి డిజిలాకర్ వంటి చోట ఉంటే మూడూ ఒకేసారి పోవడం అరుదు. అయితే పాస్‌వర్డులు, ఓటీపీలు, బ్యాంకు పిన్ నంబర్లు మాత్రం ఈ నోట్లలో వ్రాయకూడదు. ఫోన్‌ను స్నేహితుని చేతికి ఇవ్వని విద్యార్థి ఉండడు కదా.

ఇంతకూ వర్తకుని దీపాల వేళకు సమానమైనది విద్యార్థి దినచర్యలో ఏది? రోజూ పది నిమిషాలు, వారానికి ఒకసారి అరగంట చాలును. రోజూ రాత్రి ఆనాటి చిట్టాను తెరచి ఒక్కొక్క మాటను దాని ప్రాజెక్టు కిందికో, దాని ఊరి జాబితా కిందికో మార్చాలి. ఎక్కడా చేరనిది చాలావరకు అక్కరలేనిదే, దానిని తుడిచివేయవచ్చు. వారాంతంలో ప్రాజెక్టుల పుటలన్నీ ఒకసారి చదవాలి. ప్రతి ప్రాజెక్టు కింద తరువాత చేయవలసిన పని కనీసం ఒకటి కనబడాలి. కనబడకపోతే ఆ ప్రాజెక్టు ఆగిపోయిందని గ్రహించాలి. ఒక్కొక్కసారి అది ఇతరుల చేతిలో ఆగి ఉంటుంది. దరఖాస్తు కార్యాలయంలో ఉన్నది, రికార్డు అధ్యాపకుని బల్లమీద ఉన్నది, పుస్తకం స్నేహితుని దగ్గర ఉన్నది. వీటికి “ఎదురుచూపులు” అని వేరొక పుట ఉండి, ఎవరికి ఏనాడు ఇచ్చినదీ తేదీతో వ్రాసి ఉంటే, కార్యాలయంలో “ఎన్నడిచ్చినవు?” అన్న ప్రశ్నకు తడబడకుండా జవాబు చెప్పవచ్చు. పరీక్షల కాలంలో ఈ అరగంటను వదలివేయాలని తోస్తుంది. నిజానికి ఆ కాలంలోనే అది ఎక్కువ అవసరం; ప్రయోగ పరీక్షలు, హాల్ టికెట్లు, ప్రవేశపరీక్షల దరఖాస్తులు అన్నీ ఇంచుమించు ఆ నెలలలోనే వచ్చి పడతాయి.

ఆవర్జాలో ఒకరి లెక్క తీరిపోయినప్పుడు ఆ పుటను చింపివేసేవారు కాదు. కింద “చెల్లు” అని వ్రాసి అడ్డగీత గీసేవారు. విద్యార్థి కూడ ముగిసిన ప్రాజెక్టు పుటను తుడిచివేయక “ముగిసినవి” అన్న శీర్షిక కిందికి మార్చి ఉంచుకోవాలి. ఆదాయ ధ్రువపత్రం మరుసటి ఏడు మళ్ళీ కావలసి వస్తుంది. అప్పుడు ఆ పాత పుటలో ఏ కాగితాలు అడిగారో, ఎన్ని రోజులు పట్టిందో, రెండవసారి ఎందుకు తిరగవలసి వచ్చిందో వ్రాసి ఉంటుంది. తనకు అక్కరలేకపోయినా, పదవ తరగతి ముగించి అదే బస్సులో కామారెడ్డికి రాబోయే తమ్మునికో చెల్లెలికో ఆ పుటను పంపవచ్చు.